చార్మినార్ మీద మొలిచిన మొక్కలు

మీ చేతిలో ఫోనుంటే ఒకసారి మా సంస్థ మొక్కల జాబితా ఉన్న వెబ్‌సైటు తెరవండి. ఎవరైనా తెరవచ్చు. అందులో హైదరాబాదు పటం ఉంటుంది. పటంలో చార్మినార్ దగ్గర బఠాణీ గింజంత ఎర్రచుక్క కనబడుతుంది. దాన్ని నొక్కండి. వందల మొక్కల పేర్లు వరసగా దిగుతాయి. చెరువులో పూసే తామర, రాతిగుట్ట మీద తప్ప బతకని గడ్డి, నీటి అంచున మాత్రమే మొలిచే తుంగ, అన్నీ చార్మినార్ దగ్గరే దొరికాయట. గాజుల దుకాణాలకూ చాయ్ హోటళ్లకూ మధ్య తామర పూసిందట. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం వారం రోజులుగా కడుపు మండిపోతోంది.

వారం కిందట పెద్దమ్మ పోయింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా ఆఫీసులో అటెండర్. పాతబస్తీలో ఒక పాత దేవిడీ భవంతిలో మా సంస్థ ఉంది. అక్కడ ఇనప బీరువాల నిండా ఎండుమొక్కలుంటాయి. ఒక్కో మొక్కనూ దళసరి అట్టకు కుట్టి, కింద మూలన చీటీ అంటిస్తారు. పేరేమిటి, ఎప్పుడు దొరికింది, ఎక్కడ దొరికింది అని ఆ చీటీలో ఉండాలి. ఆ కుట్టే మనిషే పెద్దమ్మ. డైరెక్టరు నుంచి వాచ్‌మన్ దాకా అందరూ ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవారు. ఆమె పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా ఉండేది కాదు.

ఆమె కుడుతుంటే చూడాలి. కళ్లద్దాలు ముక్కు చివరికి జారేవి. దారం పళ్ల మధ్య పట్టుకుని, కాడకు ఇటొక పోటు, అటొక పోటు వేసి, అట్ట వెనక ముడి వేసేది. ఆకు చిట్లేది కాదు. ఎండిన కొమ్మ ఎదురు తిరిగితే దాన్ని తిట్టేది. "సక్కగ పండుకో. ఒర్రకు. ఇంకో రెండు కుట్లేస్తే నీ పని అయిపోతది" అనేది, ఇంజెక్షన్ సూది చూసి ఏడ్చే పిల్లాడితో అన్నట్టు. పురుగు పట్టకుండా మొక్కల్ని విషపు మందులో ముంచే పని కూడా ఆమెదే. చేతులు పొట్టు లేచిపోయి ఉండేవి. చేతొడుగులు కావాలని ఎన్నిసార్లు అర్జీ పెట్టుకుందో లెక్కలేదు. చేతొడుగులు వచ్చాయి కూడా. డైరెక్టరు గదిలో సొరుగులో ఉండేవి. ఎవరైనా పెద్దలు చూడ్డానికి వస్తే, ఆ పూట ఆమెకు తొడిగించి ఫొటో తీసి, మళ్లీ సొరుగులో పెట్టేవారు. ఆ ఫొటో మా హాల్లో ఇప్పటికీ వేలాడుతోంది. ఆ గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా దాన్ని పీకి విసిరేయాలనిపిస్తుంది.

ఏ వస్తువు చూసినా ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఏడిది?"

మధ్యాహ్నం నా టిఫిను డబ్బాలో గోంగూర కనబడితే "ఏడిది బిడ్డా ఇది? శంషాబాద్ దిక్కుదా, గండిపేట దిక్కుదా?" అనేది. కూర రుచి ఎలా ఉందని ఎన్నడూ అడగలేదు. కొత్తగా ఎవరైనా వస్తే పేరు తర్వాత, ముందు ఊరు చెప్పాలి. ఒకసారి డైరెక్టరు బల్ల మీద పూలగుత్తి చూసి "ఏడివి సార్ ఇవి?" అంటే, ఆయన బెంగళూరు నుంచి తెప్పించామన్నాడు గర్వంగా. "బెంగళూర్‌ల యాడ?" అంది. ఆయన మొహం మాడిపోయింది. ఆదివారం చర్చిలో చివరి బల్ల మీద కూర్చునేది, నాఫ్తలీన్ వాసనకు పక్కవాళ్లు ఇబ్బంది పడతారని. అందరిలాగా బైబిల్లో పువ్వు దాచుకునే అలవాటు ఆమెకు లేదు. "ఊరు రాయని పువ్వును దాసుకొని ఏం జేసుకోవాలె? ఊడ్సి పారేసెటిదే" అనేది.

ఇక అసలు సంగతి.

మా చీటీలన్నిటిలో చోటు అనే గడిలో ఒకే మాట ఉంటుంది: హైదరాబాద్. ఇది ఎవరి మతిమరుపూ కాదు, ఒక రూలు. ఎప్పుడో ఒక డైరెక్టరు పెట్టాడు. ఏ మొక్క సరిగ్గా ఎక్కడ దొరికిందో చీటీ మీద రాస్తే, వేరే కాలేజీల వాళ్లు అక్కడికి పరుగెత్తుకెళ్లి, మా సంస్థ కంటే ముందు వ్యాసాలు రాసేసుకుంటారని ఆయన భయం. తర్వాత వచ్చిన డైరెక్టర్లంతా ఆ భయాన్ని ఆస్తిలా కాపాడుకుంటూ వచ్చారు. అరుదైన మొక్కల చోటు బయటపెడితే దొంగలు పెరుక్కుపోతారనే వాళ్లున్నారు. ఒప్పుకుంటాను, అలాంటివి నాలుగుంటే నాలుగు దాచండి. పల్లేరుకాయను ఎవడు దొంగిలిస్తాడండీ?

కానీ పెద్దమ్మ మొక్కలు ఏరడానికి వెళ్లే జీపులో వెనక సీట్లో, చెక్కపలకల కట్ట ఒళ్లో పెట్టుకుని, ప్రతిసారీ ఉండేది. పీకిన మొక్కను వెంటనే పాత పేపరు మడతలో పెట్టి పలకల మధ్య నొక్కాలి. ఆమె ఎప్పుడూ ఉర్దూ పేపర్లే వాడేది. దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఆమె ఇంటి పక్కన ఒక పేపర్ల ఏజెంటు మిగిలినవి ఇచ్చేవాడు. ఆ కాగితం తడి బాగా పీలుస్తుందని ఆమె నమ్మకం. ఉర్దూ మాట్లాడుతుంది గాని చదవడం రాదు. ఆ పేపరు అంచున, ఖాళీ జాగాలో, పెన్సిల్‌తో తెలుగులో రాసేది. సిరా అయితే తడికి పాకుతుంది. ప్రొఫెసర్లు మొక్క పేరు కోసం పుస్తకాలు తిరగేస్తుంటే, ఆమె అక్కడి గొర్రెల కాపరినో, గడ్డి కోసే ఆడమనిషినో పట్టుకుని ఆ చోటు పేరు కనుక్కునేది. "బార్కస్ జామతోట ఎనుక మోటబాయి, పడమటి గోడ కింద, నీళ్లు ఊరే కాడ." ఇదీ ఆమె రాత. మొక్క అట్టకు ఎక్కాక కూడా ఆ పేపరును పారేయకుండా, అట్ట మీద ఉన్న నంబరే దాని మీద వేసి, బీరువా అడుగు అరలో పేర్చి పెట్టేది. చీటీ మీద రూలు ప్రకారం హైదరాబాద్. అడుగు అరలో అసలు ఊరు.

ఇది ఆమె ఎవరికీ దాచలేదు. అడిగేవాళ్లే లేరు.

అడిగిన మొదటి మనిషి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని. నేను అప్పటికి మా సంస్థలో కొత్తగా చేరాను. మొక్కల జాబితా అంతా కంప్యూటరుకెక్కించి లోకానికంతా తెరిచి పెట్టే పథకం ఒకటి వచ్చింది, దానికి కాంట్రాక్టు మీద డేటా ఆపరేటరును. ఆ పిల్లకు కావలసింది ఒక బురదమొక్క. వేలెడంత ఉంటుంది, కొసన ఊదారంగు పువ్వు. లాటిన్ పేరు నాకు నోరు తిరగదు. పెద్దమ్మ దాన్ని ముక్కుపుల్ల అనేది, పువ్వు అలాగే మెరుస్తుందని. మా బీరువాలో ఉన్న ఒక్క అట్ట తప్ప, హైదరాబాదులో అది మళ్లీ ఎవరికీ దొరకలేదు. దాని బతుకు తీరు మీదే ఆ పిల్ల చదువంతా ఆధారపడి ఉంది.

"హైదరాబాద్‌ల ఎక్కడ సార్?" అని ఆ పిల్ల డైరెక్టరును అడిగింది.

"ఎగ్జాక్ట్ లొకాలిటీ ఇన్‌స్టిట్యూట్ ప్రాపర్టీ అమ్మా. మీ గైడ్ దగ్గర లెటర్ తీసుకురా. కమిటీలో పెడతాం."

"లెటర్ మూడుసార్లు ఇచ్చిన సార్."

"కమిటీ కూర్చోవాలి కదా?"

కమిటీ ఎప్పుడూ కూర్చోలేదు. అందులోని సభ్యులెవరో కూడా ఎవరికీ తెలియదు. ఆ పిల్ల బయటికొచ్చి వరండాలో కళ్లు తుడుచుకుంటుంటే పెద్దమ్మ పక్కన కూర్చుని, ముందు "ఏ ఊరు బిడ్డా?" అని అడిగి, తర్వాత లోపలికెళ్లి అడుగు అరలోంచి ఒక పసుపు పట్టిన పేపరు తెచ్చి అంచు చూపించింది. ఆ మధ్యాహ్నమే ముగ్గురం ఆటోలో బార్కస్ వెళ్లాం. నన్నెందుకు రమ్మందంటే "నువ్వు కంప్యూటర్ల రాస్తవు గదా, చూడకుంట ఎట్ల రాస్తవ్?" అంది.

జామతోటలో సగం ఇళ్లయిపోయింది. మిగిలిన సగానికి గేటు ఉంది. లుంగీ కట్టుకున్న పెద్దాయన ఒకాయన వచ్చి ఏం కావాలన్నాడు.

"ఘాస్ దేఖ్నే కు ఆయే భాయ్" అంది పెద్దమ్మ.

"ఘాస్?" ఆయన ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వి గేటు తీశాడు. గడ్డి చూడ్డానికి వచ్చినవాళ్లను ఆయన అంతకు ముందు ఎప్పుడూ చూసి ఉండడు. మోటబావిలో ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయి. పడమటి గోడ కింద మాత్రం ఇంకా నీళ్లు ఊరుతున్నాయి. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో గడ్డి పక్కకు తోసింది. తర్వాత చిటికెన వేలు చాపి, "అగో" అంది.

ఐదో ఆరో ముక్కుపుల్లలు. ఆ పిల్ల బురదలోనే కూలబడి ఏడ్చింది. పెద్దాయన లోపలికెళ్లి మా ముగ్గురికీ జామకాయలు కోసుకొచ్చాడు. పెద్దమ్మ జామకాయ కొరుకుతూ నాతో అంది: "అడిగినోళ్లకు చెప్పకుంటే ఇంక దేనికి కుట్టిన బిడ్డా నేను, ఇన్నేండ్లు?"

ఇదంతా నేను కళ్లారా చూశాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత నేను చేసిన పనికి తెలియక చేశాననే సాకు లేదు.

జాబితా లోకానికి విడుదల చేసే రోజు దగ్గర పడింది. మంత్రి వస్తాడన్నారు. ఆ వారం పెద్దమ్మ చెల్లెలి కూతురి పెళ్లికి కాజీపేట వెళ్లింది. సూపరింటెండెంటు హాలంతా శుభ్రం చేయించాలని తిరుగుతూ, బీరువాల అడుగు అరలు తెరిచి చూశాడు.

"ఏందివి? ఇంత రద్దీ కాయితం పెట్టుకొని కూసున్నరేంది? చెద పట్టదా?"

"సార్, వాటి మీద రాసి ఉంది" అన్నాను.

"నీ స్కానింగు అయిపోయిందా, లేదా?"

"అట్టలవి అయిపోయినై సార్."

"మరి ఇంకేంది లొల్లి?"

నా కాంట్రాక్టు మళ్లీ పొడిగించే కాగితం ఆ వారమే ఆయన బల్ల మీద ఉంది. నేను గంగిరెద్దులా తల ఊపాను. ఊరికే ఊపి ఊరుకోలేదు, పాత కాగితాలు కొనే రద్దీవాడి బండికి ఆ కట్టలు మోస్తుంటే తలుపు కొట్టుకోకుండా పట్టుకున్నాను కూడా. బార్కస్ పేపరు నా కళ్లెదురుగానే వెళ్లిపోయింది. చూశాను. చూస్తూ నిలబడ్డాను.

విడుదల రోజున పెద్ద తెర కట్టారు. "విజ్ఞానం అందరిదీ" అని బ్యానరు. డైరెక్టరు మైకులో, మన దగ్గరున్న సమాచారానికి ఇక తలుపుల్లేవు, తాళాల్లేవు అన్నాడు. మీట నొక్కారు. పటం వచ్చింది. నేను చోటు గడిలో హైదరాబాద్ అని కొట్టిన ప్రతి మొక్కకూ కంప్యూటరు ఊరి నడిమధ్యన తనే ఒక చోటు ఇచ్చేసింది. అన్నీ కలిసి చార్మినార్ మీద ఒకే ఒక ఎర్రచుక్కై కూర్చున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. మంత్రి చార్మినార్ చూసి సంబరపడి, మన సంస్కృతి అన్నాడు.

వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్న పెద్దమ్మ, అప్పుడే కాజీపేట నుంచి దిగిన మనిషి, గట్టిగానే అంది: "గదేంది? అన్నీ చార్మినార్ మీదనే మొలిచినయా?"

నలుగురు నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వాడు, పళ్లు కొరుకుతూ. సభ అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, అడుగు అరల పేపర్లున్నయి గదా, ఒక్కోటి చూసుకుంట దించుదం" అంది. నన్ను ఓదారుస్తోంది! నేను ఆమె మొహం చూడలేక నేల చూస్తూ, పేపర్లు రద్దీ బండికి పోయాయని చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎవని బండి?" అంది.

రద్దీవాణ్ణి పట్టుకున్నాం. అతను పేపర్లన్నీ ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసేవాళ్లకు అమ్మేశానన్నాడు. వినాయక చవితి ఇంకా నెలన్నర ఉంది. మేం వెళ్లేసరికి ఒక పెద్ద రేకుల షెడ్డులో వరుసగా గణపతులు నిలబడి ఉన్నారు. వరిగడ్డితో బొమ్మ కట్టి, గడ్డి మీద తడికాగితం పొరలు పొరలుగా చుట్టి, ఆపైన మట్టి మెత్తుతున్నారు. చాలా విగ్రహాలకు మట్టి పడిపోయింది. చివరి వరుసలో కొన్నిటికి ఇంకా కాగితమే ఉంది. ఉర్దూ అక్షరాల మధ్య, బొజ్జల మీద, తొండం వంపులో, పెద్దమ్మ పెన్సిల్ రాత.

ఆమె ఒక గణపతి ముందు వంగి, కళ్లద్దాలు సర్ది, "మీరాలం కట్ట కింద, దోభీల రాళ్ల పక్కపొంటి" అని చదివింది. పక్కన అట్ట నంబరు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంకో బొజ్జ. "పహాడీ ఎక్కంగ ఎడమ దిక్కు, రెండో బండ నీడల." రాసుకున్నాను. మట్టి కలుపుతున్నవాళ్లు పని ఆపి మమ్మల్ని వింతగా చూశారు. శిలువ గొలుసు వేసుకున్న ముసలామె గణపతి బొజ్జకు ముక్కు ఆనించి చదువుతుంటే ఎవరు చూడరు? షెడ్డు యజమాని వచ్చి సంగతేమిటన్నాడు. ఆమె చెప్పింది. ఎందుకు, ఏమిటి, లెటరుందా అని అతను అడగలేదు.

"పఢ్ లో అమ్మా. పూరా పఢ్ లో. మిట్టీ బాద్ మే లగాతే" అన్నాడు, మొత్తం చదువుకో, మట్టి తర్వాత మెత్తుతాం అని. పనివాళ్లను ఆ వరుస వదిలేసి వేరేవైపు పొమ్మన్నాడు. ఎత్తున ఉన్నవి చదవడానికి తన నిచ్చెన ఇచ్చాడు. రెండు రోజులు ఆ వరుస మీద చేయి వేయనివ్వలేదు, సీజను నెత్తిన కూర్చుని ఉన్నా సరే. మా సంస్థలో పదవుల పలకలు తగిలించుకున్న ఒక్కడు కూడా ఇన్నేళ్లలో అడిగినవాళ్లకు ఇవ్వనిది, ఆ మట్టిచేతుల మనిషి అడగ్గానే ఇచ్చాడు. డైరెక్టరుది పెద్ద చదువు. చదువు గురించి ఎవరైనా నా దగ్గర గొప్పగా మాట్లాడితే నాకు ఆ నిచ్చెన గుర్తుకొస్తుంది.

దొరికినవి కొన్నే. మట్టి కిందికి పోయినవి ఆ చవితికి ఊరేగి, డప్పుల మధ్య చెరువులో కరిగిపోయాయి.

"పోనీ" అంది పెద్దమ్మ. "నాకు యాదికున్నయి. అట్ట చూస్తే యాదికొస్తది." నిజంగానే వచ్చేది. అట్ట మీద తన కుట్టు చూసుకునేది, వేలితో దారం తడిమేది, "ఇది వానల పోయినం. జీపు దిగబడ్డది. చాంద్రాయణగుట్ట దాటినంక తాటిచెట్లు మూడుంటుండె" అని మొదలుపెట్టేది. తెలియని చోట "యాదికొస్తలేదు, రాయకు" అనేది. ఒక్కటి కూడా ఊహించి చెప్పలేదు. అప్పటికి ఆమె రిటైరైపోయింది. అయినా రోజూ పొద్దున్నే వచ్చి నా బల్ల పక్క స్టూలు మీద కూర్చునేది. ఒక్కో బీరువా ముగిస్తూ పోయాం.

రెండు నెలలకు డైరెక్టరు కంట పడింది. నన్ను లోపలికి పిలిచాడు.

"రిటైరైన క్లాస్ ఫోర్ స్టాఫ్‌ను కలెక్షన్ రూములోకి ఎవరు రానిచ్చారు?"

చెప్పాను. నోట్‌బుక్కు చూపించాను. ఆయన రెండు పేజీలు తిప్పాడు.

"మెమరీ డేటా కాదయ్యా. ఎవరో అటెండర్ తెలుగులో చెప్పిన కబుర్లు పెడితే ప్రపంచం ముందు మన పరువేం కావాలి?"

ముక్కుపుల్ల చార్మినార్ మీద పూస్తే పోని పరువు, అది ఫలానా బావి దగ్గర పూసిందంటే పోతుందట. ఈ మాట నేను అప్పుడు అనలేదు. ఇప్పుడు, ఇక్కడ అంటున్నాను. అప్పుడు "సరే సార్" అన్నాను.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఆపాడు. ఇన్నేళ్లు ఆమె తెచ్చిన పుదీనా పచ్చడి తిన్నవాడే. "పైకెల్లి ఆర్డర్ పెద్దమ్మా, నన్నేం జెయ్యమంటవ్" అని తల దించుకున్నాడు. పెద్దమ్మ గేటు పట్టుకుని నిలబడి, లోపల వరండాలో ఉన్న నన్ను చూసింది. నేను చేతిలో ఫైలుతో ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఫోను చేసి చెప్పాను, ఆదివారాలు ఇంటికే వస్తాను, అట్టల ఫొటోలు ఫోనులో చూపిస్తాను, చెప్పు, రాసుకుంటాను అని. మూడు ఆదివారాలు వెళ్లాను. రైలు పోయినప్పుడల్లా ఆ ఇంటి గిన్నెలు గలగలమనేవి. ఆమె మాట ఆపి, రైలు పోయాక, ఆపిన చోటునుంచే మళ్లీ ఎత్తుకునేది. నాలుగో ఆదివారం మా మేనల్లుడి పుట్టినరోజు. ఐదోది మరేదో. అప్పటికి రెండు బీరువాలు మిగిలాయి. నెలకోసారి ఆమె నుంచి ఫోను వచ్చేది.

"ఇంక రెండు బీరువాలున్నయి బిడ్డా."

"వచ్చే వారం వస్త పెద్దమ్మా."

రెండేళ్లు ఇదే మాట. ఆమె ఒక్కసారి కూడా నిష్ఠూరం ఆడలేదు. చివరిసారి మాత్రం గొంతు తగ్గించి, "జల్ది రా. యాది తప్పుతున్న" అంది. నేను అప్పుడు కూడా వచ్చే వారం అనే అన్నాను.

చనిపోయిందని కొడుకు ఫోను చేశాడు. వెళ్లేసరికి పెట్టెలో పడుకోబెట్టారు. ఆసుపత్రిలో ఆఖరి రోజు నర్సమ్మ జడలో మల్లెపూలు చూసి "ఏడివి బిడ్డా?" అని అడిగిందట. నర్సమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్ అంటే, "మార్కెట్టుకు ఏడికెల్లి వచ్చినయో అడుగు" అందట. కొడుకు ఇది చెప్పి నవ్వబోయి ఏడ్చాడు. మా సంస్థ నుంచి పూలదండ వచ్చింది. దాని మీద మా సంస్థ పేరు పెద్ద అక్షరాలతో ఉంది, ఆమె పేరు లేదు.

మర్నాడు ఆఫీసుకెళ్లి కంప్యూటరు తెరిచాను. ఒక మాట ఒప్పుకోవాలి. ఆ జాబితాలో తప్పులు దిద్దే పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. మొదటి రోజునుంచీ నా దగ్గరే ఉంది. ఈ రెండేళ్లలో ఏ రోజైనా, ఎవరినీ అడక్కుండా, ఆమె బతికుండగా, ఆమె చూస్తుండగా, నేను ఈ పని చేసి ఉండొచ్చు. డైరెక్టరు నన్ను ఆపాడని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆయన ఒక్కసారే వద్దన్నాడు. మిగతా రోజులన్నీ నన్ను నేనే ఆపుకున్నాను.

మొదట ముక్కుపుల్ల తెరిచాను. చోటు గడిలో హైదరాబాద్ తుడిచేసి, బార్కస్ జామతోట వెనక మోటబావి, పడమటి గోడ కింద, నీళ్లు ఊరే చోట అని కొట్టాను. పటంలో గుర్తు పెట్టాను. ఒక చిన్న ఎర్రచుక్క చార్మినార్ నుంచి విడిపోయి దక్షిణంగా వెళ్లి బార్కస్‌లో ఆగింది. "సమాచారం ఇచ్చినవారు" అని ఒక గడి ఉంటుంది. అన్ని మొక్కలకూ అందులో ఎవరో ఒక డైరెక్టరు పేరే. అది తుడిచి ఆమె పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, పక్కన అటెండర్ అని. ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. అక్కడ ఉంది. వెళ్లి చూసుకోండి. లెటరు అక్కర్లేదు, కమిటీ కూర్చోనక్కర్లేదు.

నోట్‌బుక్కులో ఉన్నవన్నీ ఎక్కించడానికి ఆరు రోజులు పట్టింది. నిన్న మెమో వచ్చింది, ఎవరి అనుమతితో మార్చావని. నా సొరుగులో పెట్టాను, డైరెక్టరు సొరుగులో ఆమె చేతొడుగులున్నట్టే అదీ అక్కడ పడి ఉంటుంది. మెమోను చూస్తే నాకు ఇప్పుడు భయం వేయడం లేదు. ఈ భయం లేకపోవడం రెండేళ్ల ముందు రావాల్సింది.

పటంలో ఇప్పుడు ఊరంతా చిన్న చిన్న చుక్కలు. మీరాలం కట్ట కింద, పహాడీ మీద, చాంద్రాయణగుట్ట అవతల తాటిచెట్లు ఉండిన చోట. చార్మినార్ మీది చుక్క చాలా చిక్కింది. పోలేదు. రెండు బీరువాల మొక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి. అవి ఏడివో చెప్పగలిగిన మనిషి దబీర్‌పురాలో, మా ఆఫీసు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, రెండేళ్లు నాకోసం ఎదురుచూసింది. వాటిని చార్మినార్ ఎక్కించింది నేను. ఇక దింపలేను.